ఓసీడీకి డిప్రెషన్ మందు: మూడు వారాలకే పని చేయలేదని ఆపేయొచ్చా?

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తున్నాను, ఇదే అవస్థలో ఉన్న ఇంకొకరికి కూడా ఉపయోగపడుతుంది. తాళం వేశానా, గ్యాస్ కట్టేశానా అని పదే పదే చూసుకోవడం, నా వల్ల ఎవరికైనా హాని జరుగుతుందేమో అనే ఆలోచనలు వదలకపోవడం. డాక్టర్ ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం వదలని జబ్బు) అని చెప్పి సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మూడు వారాలైంది. ఆలోచనలు తగ్గలేదు, పైగా మొదటి వారమంతా వికారం, నిద్ర పట్టకపోవడం, టెన్షన్. ఇప్పుడు డాక్టర్ 100కి పెంచుదామంటున్నారు. "నాకు డిప్రెషనే లేదు, డిప్రెషన్ మందు ఎందుకు? పని చేయని మందును ఇంకా పెంచడమేంటి? దీనికి అలవాటు పడిపోతానా? ఇప్పుడే ఆపేస్తే నష్టమేంటి?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. మూడు వారాలకే ఆపొద్దు, మీ అంతట మీరు అసలే ఆపొద్దు. ఓసీడీలో మందు పని చేస్తోందో లేదో తేల్చడానికి మూడు వారాలు చాలవు, 50 మిల్లీగ్రాములు కూడా చాలామందికి చాలవు. మీ డాక్టర్ డోసు పెంచుదామనడం ఈ జబ్బులో మామూలుగా జరిగేదే. ఇది వ్యసనంగా మారే మందు కాదు, కానీ ఒక్కసారిగా మానేస్తే శరీరం గొడవ చేస్తుంది. కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి, అవేంటో కింద విడిగా రాశాను, తప్పకుండా చదవండి.

నేను మానసిక వైద్యుడిని, చాలా ఏళ్లుగా ఓసీడీ ఉన్నవాళ్లను చూస్తున్నాను. మిమ్మల్ని చూడలేదు కాబట్టి మీ డోసు ఎంత ఉండాలో నేను చెప్పకూడదు. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. "నాకు మందులు పడవండీ, అన్నీ వాడాను" అని వచ్చినవాళ్ల పాత చీటీలు ముందు పెట్టుకుని చూస్తే, నాలుగైదు మందుల పేర్లు ఉంటాయి, ఒక్కటీ సరైన డోసులో మూడు నెలలు వాడి ఉండరు. ఒకటి రెండు వారాలు, ఇంకొకటి నెల, మరొకటి చిన్న డోసులోనే ఏడాది. మందు ఓడిపోయిందనుకుంటారు, నిజానికి దానికి అవకాశమే ఇవ్వలేదు.

ఇక పేరు సంగతి. డిప్రెషన్ మందు అన్నది మొదట దేనికి వాడారో దాన్నిబట్టి వచ్చిన పేరు, అంతే. డిప్రెషన్ అస్సలు లేని ఓసీడీ వాళ్లలో కూడా ఇవి పని చేస్తాయి. అలాగని డిప్రెషన్ మందుల్లో అన్నీ కాదు, కొన్నే ఓసీడీకి పనికొస్తాయి, ఇది చాలామందికి తెలియదు. క్లోమిప్రమిన్ అనే పాత మందు ఓసీడీకి పని చేస్తుందని తేలి, 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఈ జబ్బుకు ఆమోదించింది. అదే కుటుంబానికి చెందిన డెసిప్రమిన్‌ని పక్కన పెట్టి పోల్చి చూస్తే ఓసీడీ మీద దాని ప్రభావం చాలా తక్కువ. తేడా ఎక్కడంటే, క్లోమిప్రమిన్ మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనం మీద బలంగా పని చేస్తుంది, డెసిప్రమిన్ ముఖ్యంగా నార్‌ఎపినెఫ్రిన్ అనే మరో రసాయనం మీద. అందుకే ఇప్పుడు ఓసీడీకి మొదట ఇచ్చేవన్నీ సెరోటోనిన్ మీద పని చేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులే: సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవాక్సమిన్, పారాక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్. బ్యూప్రోపియాన్ లాంటివి డిప్రెషన్‌కి మంచివే అయినా ఓసీడీకి మొదట ఇచ్చే మందులు కావు. ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి టెన్షన్ బిళ్లలు ఆ పూటకి కాస్త ఊరటనిస్తాయేమో గానీ అసలు ఓసీడీని తగ్గించవు, పైగా నిజంగా అలవాటు పడేవి అవే. చాలామంది భయపడాల్సిన దాన్ని హాయిగా మింగుతూ, భయపడక్కర్లేని దాన్ని ఆపేస్తుంటారు.

డోసు ఎందుకు పెంచుతారు? డిప్రెషన్‌కి సరిపోయే డోసు ఓసీడీకి తరచుగా సరిపోదు. ఓసీడీలో సెర్ట్రాలిన్ 200 మిల్లీగ్రాముల దాకా, ఫ్లూఆక్సెటిన్ 60 నుంచి 80 దాకా, ఫ్లూవాక్సమిన్ 300 దాకా వెళ్లాల్సి రావడం మామూలే. అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు కూడా ఎక్కువ డోసులోనే ఫలితం మెరుగ్గా కనిపించింది, దాంతోపాటు సైడ్ ఎఫెక్టులు తట్టుకోలేక మానేసినవాళ్లూ పెరిగారు. కాబట్టి నిదానంగా పెంచుకుంటూ, ఒంటికి పడుతోందో లేదో చూసుకుంటూ పోవాలి. అందరికీ 200 కావాలని కాదు, 100కే బాగా కుదుటపడేవాళ్లూ ఉంటారు. పెంచమన్నారంటే మీ జబ్బు ముదిరిందని అర్థం చేసుకోకండి. ఇంకో జాగ్రత్త, ఒక మందులో పెంచే వీలుందని అన్నిట్లో ఉండదు. సిటాలోప్రామ్ డోసు ఎక్కువైతే గుండె లయ మీద ప్రభావం పడుతుందని ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది, దానికి రోజుకు 40 మిల్లీగ్రాములు పరిమితి, 60 ఏళ్లు దాటినవాళ్లకు 20. క్లోమిప్రమిన్ 250 దాటకూడదు, ఆ పైన మూర్ఛ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. దాన్ని వాడేవాళ్లకు ఈసీజీ కూడా తీయిస్తుంటాం.

గడువు: మొత్తం 8 నుంచి 12 వారాలు, అందులో కనీసం 4 నుంచి 6 వారాలు మీ ఒంటికి పడే పై డోసులో. అప్పటిదాకా "పని చేయలేదు" అని తీర్పు ఇవ్వడానికి లేదు. ఇంత ఆలస్యమని ముందే చెప్పకపోతే పేషెంటు నాలుగో వారంలోనే డీలా పడిపోతారు, అందుకే నేను మొదటి రోజే క్యాలెండర్‌లో పన్నెండో వారం గుర్తు పెట్టుకోమని చెప్తాను.

ఎంత తగ్గుతుంది అంటే, పూర్తిగా మాయమవుతుందని ఆశ పెట్టను. మొదటి మందుకే గుర్తించదగ్గ మేలు కనిపించేది అటూ ఇటుగా సగం మందిలో. దీన్ని కొలవడానికి యేల్-బ్రౌన్ స్కేల్ అని పది ప్రశ్నల కొలమానం ఉంది, 40కి స్కోరు వేస్తారు. 28 ఉన్న మనిషి 18కి వస్తే మేము మందు బాగానే పని చేసిందంటాం. 18 అంటే జబ్బు ఇంకా ఉన్నట్టే, కానీ రోజుకి నాలుగైదు గంటలు తినేసేది గంటన్నరకి దిగొచ్చు, మనిషి మళ్లీ ఉద్యోగానికి వెళ్లొచ్చు.

ఆ తగ్గడం కూడా మీరు ఊహించినట్టు ఉండదు. ఆలోచన వస్తూనే ఉంటుంది, దాని పట్టు సడలుతుంది. ఒకావిడ తొమ్మిదో వారంలో వచ్చి "ఏం తేడా లేదు డాక్టర్, మందు మార్చండి" అన్నారు. పక్కనే ఉన్న భర్త, "లేదు సార్, ఇదివరకు బయల్దేరాక మెట్ల దగ్గర్నుంచి మూడు నాలుగు సార్లు వెనక్కి వెళ్లి తాళం లాగి చూసేది, ఇవాళ ఒక్కసారే చూసింది, ఆటోలో కూడా నన్ను అడగలేదు" అన్నాడు. ఆవిడకి ఆ సంగతే తట్టలేదు, ఎందుకంటే ఆలోచన మాత్రం అప్పటికీ వచ్చింది కదా. అందుకే మీకేమనిపిస్తోంది అన్నదానికన్నా ఎన్నిసార్లు చూశారు, ఎంతసేపు పట్టింది అన్నది రాసుకోండి. ఇంట్లోవాళ్లని కూడా అడగండి.

మందుతోపాటు ఈఆర్‌పీ అనే థెరపీ గురించి మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. భయపెట్టే పరిస్థితిని కావాలని కొంచెం కొంచెంగా ఎదుర్కొని, ఆ తర్వాత చేసే చెకింగ్‌నో కడగడాన్నో చేయకుండా ఉండటం నేర్పే పద్ధతి ఇది. ఓసీడీలో దీని బలం మందుకు ఏ మాత్రం తీసిపోదు, జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కలిపి చేయిస్తాం. మందు వల్ల భయం కాస్త దిగాక థెరపీ చేయగలిగిన వాళ్లను చాలామందిని చూశాను. తాళం ఒక్కసారి వేసి, చేయి దాని మీద పెట్టకుండా మెట్లు దిగడం అనే చిన్న పని, మందు మొదలుకాక ముందు కొందరికి అసాధ్యం. మీ డాక్టర్ ఈ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

ఇప్పుడు సైడ్ ఎఫెక్టులు. వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్ర తేడా, మొదట్లో టెన్షన్ పెరగడం, ఇవన్నీ మొదటి ఒకటి రెండు వారాల్లో ఎక్కువగా ఉండి చాలామందిలో తగ్గిపోతాయి. మీకు మొదటి వారం జరిగింది దాదాపు ఇదే. డోసు పెంచినప్పుడు కొన్నాళ్లు మళ్లీ కనిపించొచ్చు, కంగారు పడకండి. నిద్ర చెడగొడితే ఉదయం, మత్తుగా ఉంటే రాత్రి వేసుకునేలా మార్చుకోవచ్చు, డాక్టర్‌ని అడిగి. తగ్గకుండా ఉండిపోయేది లైంగిక సమస్య: కోరిక తగ్గడం, స్ఖలనం లేదా భావప్రాప్తి ఆలస్యం కావడం. సిగ్గుపడి దీన్ని చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెప్పండి. డోసు సర్దడం, మందు మార్చడం, దారులు ఉన్నాయి.

అదే రోజు ఫోన్ చేయాల్సినవి ఇవి. చనిపోవాలనిపించడం, కూర్చోనివ్వని నిలవనివ్వని విపరీతమైన అలజడి, ఉన్నట్టుండి కోపోద్రేకాలు, లేదా దానికి వ్యతిరేకంగా నిద్ర లేకపోయినా అలసట రాకపోవడం, మాటల వేగం, అంతులేని ఉత్సాహం, ఎడాపెడా ఖర్చులు. చివర చెప్పినవి బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు) లక్షణాలు కావొచ్చు, మీకు గానీ మీ రక్తసంబంధీకులకు గానీ అది ఉందంటే డాక్టర్‌కి ముందే తెలియాలి. పిల్లల్లో, టీనేజర్లలో ఈ మందుల మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. మందు వాడకూడదని దాని అర్థం కాదు. మొదటి వారాల్లోనూ డోసు మార్చినప్పుడూ దగ్గరుండి గమనించాలని.

ఇక్కడ ఓసీడీ ఉన్నవాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. హాని ఆలోచనలు ఉన్న మనిషి మందు కాగితంలో ఈ హెచ్చరిక చదివాడంటే, "నేను కూడా అలా చేసుకుంటానేమో" అనేదే కొత్త అబ్సెషన్, అంటే వదలని ఆలోచన, అయి కూర్చుంటుంది. ఒక కుర్రాడు బ్లేడు కనపడకుండా ఇల్లంతా సర్దేశాడు, బాల్కనీ వైపు వెళ్లడం మానేశాడు. చావాలని అతనికి రవ్వంత కూడా లేదు, ఆ ఆలోచనే అతన్ని హడలగొట్టింది. ఆలోచన వస్తే భయం, అసహ్యం కలుగుతుంటే అది ఎక్కువగా ఓసీడీ వైపు. చనిపోతే బాగుండు అనిపించి, అందులో ఊరట కనపడుతుంటే, ఎలా అని ఆలోచిస్తుంటే అది వేరే. కానీ ఈ తేడా మీరొక్కరే కూర్చుని తేల్చుకోవద్దు. రెండింట్లో ఏదైనా ఉన్నదున్నట్టు డాక్టర్‌కి చెప్పండి. రెండో రకమైతే ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పి దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

అలాగే బిళ్ల వేసుకోవడం కూడా ఓసీడీ చేతిలో పడుతుంది. వేసుకున్నానా లేదా అని ఖాళీ స్ట్రిప్‌ని వెలుతురుకి పట్టి చూడటం, రేకు చిరిగిన చోట వేలు పెట్టి తడమటం, ఫోన్‌లో ఫొటో తీసి మళ్లీ ఆ ఫొటో పాతదేమో అని అనుమానించడం. ఇలాంటి అనుమానంతో రెండోసారి వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వారానికి ఏడు గదులుండే డబ్బా మంచిది, గది ఖాళీ అయితే వేసుకున్నట్టే, ఒక్కసారి చూసి మూసేయాలి. అనుమానం వస్తే ఇంకోటి వేసుకోవద్దు, మర్నాడు మామూలు సమయానికి వేసుకోండి. మర్చిపోయినందుకు రెండు కలిపి అసలే వద్దు. సెర్ట్రాలిన్ ఒక పూట తప్పితే కొంప మునగదు. రోజూ మందు గురించి నెట్‌లో వెతకడం, ఇంట్లోవాళ్లని "ఏం కాదు కదా" అని అడగడం కూడా చెకింగే అని గుర్తుంచుకోండి. సందేహాలన్నీ ఒక కాగితం మీద రాసి అపాయింట్‌మెంట్ దాకా ఆపండి, పైన చెప్పిన అత్యవసర లక్షణాలు తప్ప.

వేరే మందులతో కలిసినప్పుడు వచ్చే ప్రమాదం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జలుబుకో నొప్పికో వెళ్లినప్పుడు ఈ మందు వాడుతున్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, మైగ్రేన్‌కి వాడే సుమట్రిప్టాన్, మూలికా మందు కదా ఏం కాదులే అని తీసుకునే సెయింట్ జాన్స్ వర్ట్, ఇవన్నీ సెరోటోనిన్ మీద పని చేస్తాయి. వీటిలో కొన్నిటిని డాక్టర్ తెలిసే, జాగ్రత్తగా కలిపి ఇవ్వొచ్చు, మీ అంతట మీరు మాత్రం కలపకూడదు. డిప్రెషన్‌కి వాడే పాత ఎంఏఓఐ రకం మందులు అయితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో కలిపి వాడనే కూడదు, మధ్యలో విరామం ఉండాలి, ఫ్లూఆక్సెటిన్ ఆపాక అయితే ఏకంగా 5 వారాలు. సెరోటోనిన్ మితిమీరితే వణుకు, చెమటలు, జ్వరం, విరేచనాలు, కండరాలు బిగుసుకోవడం, గుండె దడ, అయోమయం కనిపిస్తాయి. ఇలా ఉంటే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, కడుపులో పుండు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. మామూలు నొప్పికి పారాసెటమాల్ నయం. ఫ్లూవాక్సమిన్ వాడేవాళ్లలో కాఫీలోని కెఫిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, రోజూ తాగే కాఫీకే గుండె దడ, నిద్రలేమి వచ్చి అది మందు సైడ్ ఎఫెక్ట్ అనుకుంటారు. అదే ఫ్లూవాక్సమిన్‌తో కండరాల నొప్పికి ఇచ్చే టిజానిడిన్ కలపనే కూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్లకి పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ మంచివి కావు, దాని పనిని తగ్గిస్తాయి. పెద్దవయసు వాళ్లలో, ముఖ్యంగా నీరు పోయే బిళ్లలు వేసుకునేవాళ్లలో సోడియం పడిపోవచ్చు: తలనొప్పి, తూలడం, అయోమయం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. మద్యం మానేయడమే మేలు.

ఆపడం గురించి. బాగయ్యాక కూడా కనీసం ఒకటి రెండేళ్లు కొనసాగించమంటాం, ముందే ఆపినవాళ్లలో ఓసీడీ తిరగబెట్టడం ఎక్కువ. తర్వాత తగ్గించేటప్పుడు ఒకటి రెండు నెలలకోసారి 10 నుంచి 25 శాతం చొప్పున. ఇంత నెమ్మదా అని విసుక్కుంటారు, కానీ ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు జర్రుమన్నట్టు అనిపించడం, పీడకలలు, చిరాకు మొదలవుతాయి. పారాక్సెటిన్‌తో ఇది ఎక్కువ, ఒంట్లో చాలాకాలం నిలిచే ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ. వ్యసనానికీ దీనికీ తేడా ఏంటంటే, ఈ బిళ్ల కోసం ఎవరూ తహతహలాడరు, మత్తు కోసం డోసు పెంచుకుంటూ పోరు. జీవితాంతం వాడాలా అంటే, కొందరు వాడతారు, ముఖ్యంగా ఆపిన ప్రతిసారీ తిరగబెట్టినవాళ్లు. చాలామంది తగ్గించుకోగలరు, థెరపీ బాగా చేసినవాళ్లకు ఇంకా సులువు.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ముందే చెప్పాలి. పారాక్సెటిన్‌కి మొదటి మూడు నెలల్లో బిడ్డ గుండె లోపాల ముప్పు కాస్త ఎక్కువన్న ఆందోళన ఉంది, సెర్ట్రాలిన్‌ని ఎక్కువగా ఎంచుకుంటాం. టెస్ట్ పాజిటివ్ రాగానే భయపడి బిళ్లలు పారేయకండి, జబ్బు తిరగబెట్టడం కూడా తల్లికీ బిడ్డకీ మంచిది కాదు, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

సరైన డోసులో పన్నెండు వారాలైనా మేలు లేకపోతే అప్పుడు ఇంకో ఎస్‌ఎస్‌ఆర్‌ఐకి మారడం, అదీ కాకపోతే క్లోమిప్రమిన్, లేదా ఉన్నదానికి తోడు అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్ (వేరే రకం మానసిక) మందులు చిన్న డోసులో కలపడం ఉంటాయి. ఆ తోడు మందు వల్ల మేలు పొందేది సుమారు మూడింట ఒక వంతు మంది, కాబట్టి దాన్నీ గడువు పెట్టుకుని చూసి, పని చేయకపోతే తీసేయమని అడగాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. ఏ తారీఖున ఏ డోసు మొదలైంది, రోజుకి ఎన్నిసార్లు చెక్ చేస్తున్నారు, ఎంత టైం పోతోంది, వికారం నిద్ర ఇప్పుడెలా ఉన్నాయి, వేరే ఏ బిళ్లలు, సిరప్‌లు, మూలికలు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా. 100కి వెళ్లడానికి భయంగా ఉంటే ఆ మాటే చెప్పండి, 75లో ఒకటి రెండు వారాలుండి వెళ్లడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. పన్నెండో వారం ఏ తారీఖుకి పడుతుందో ఆయన్నే అడిగి ఆ కాగితం మీద రాయించుకోండి.